అరచేతులు చూసే కోకిల

మొహం పగిలి వచ్చినవాళ్ళకి డాక్టర్లు ముందు మొహం చూస్తారు. కోకిల అరచేతులు చూస్తుంది. పడే మనిషి చేతులు ముందుకు చాస్తాడు. నడక నేర్చిన నాటినుంచి ఒంటికి పట్టిన అలవాటది. అరచెయ్యి గీరుకోకుండా చెంప ఎముక విరిగిందంటే అది రోడ్డు చేసిన పని కాదు, ఇంట్లోవాళ్ళు చేసిన పని. చింతాద్రిపేటలో పుట్టి, ఊళ్ళోని ఒక సర్కారు ఆసుపత్రి దవడల వార్డులో పందొమ్మిదేళ్ళుగా ఆయాగా ఉంటూ ఆవిడ సొంతంగా కట్టుకున్న శాస్త్రమిది. దవడలకి తీగలు బిగించినవాళ్ళకి పళ్ళ వెనక సందులోంచి గొట్టంతో గంజి పోసేదీ ఆవిడే. నోరు తెరవలేనివాళ్ళ కథలు తనకే తెలుసని నమ్మకం. చాలాసార్లు నిజమే అయింది కూడా.

పుష్పవల్లి అరచేతులు నున్నగా ఉన్నాయి. ఎడమ చెంప కుంగింది, పైదవడ కదిలింది. మనలి రోడ్డులో స్కూటర్ మీదినుంచి పడిందన్నాడు మొగుడు మునిరత్నం. ఈ ఊళ్ళో హెల్మెట్ నడిపేవాడికే. వెనక కూచున్న ఆడవాళ్ళ మొహాలకి దేవుడే దిక్కు. ఒళ్ళో దోసె పిండి ఉన్న బోసి గిన్నె రెండు చేతులా పట్టుకుని ఉందనీ, పడేటప్పుడూ వదల్లేదనీ చెప్పాడు. మొగుళ్ళ కథల్లో మేడమెట్లూ, బాత్రూమ్ సబ్బూ విన్నదిగానీ పిండి బోసి కోకిలకి కొత్త. కథ కొత్తదయ్యేకొద్దీ ఆవిడ అనుమానం ముదిరింది. పుష్పవల్లి తీగల సందునుంచి అదే మాట గొణిగితే, బెదిరించి చెప్పించాడనుకుంది.

మూడో రోజు ఆమె ముక్కు కింద తడి కనిపించింది. కోకిల దూదితో తుడిచి, ఏడవబాకమ్మా అని, పెళ్ళాన్ని ఏడిపిస్తున్నాడని చెప్పి మునిరత్నాన్ని లోపలికి రానీకుండా గేటు దగ్గరే ఆపించింది.

సాయంత్రం అతను కడ్డీలు పట్టుకుని పిలిచాడు. "నన్ను రానీవద్దులే అక్కా. అది ఏడుపు కాదు. పొద్దున తను వంగి చెప్పులు తొడుక్కుంటా ఉంటే ఒక్క ముక్కులోంచే బొట్లు బొట్లుగా కారింది. డాక్టరుకి ఒక మాట చెప్పు."

"డాక్టరుకే నేర్పిస్తావా? నువ్వు చేసింది చాల్లే."

అనడమైతే అంది. తన మీది అనుమానం మళ్ళించడానికి అతను వేసిన ఎత్తేమో అనుకుంటూనే వెళ్ళి పుష్పవల్లిని ముందుకి వంగమంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ముక్కు ఎడమవైపు నుంచి తేట నీళ్ళు రాలాయి. గొంతులో ఉప్పగా ఉందా అంటే తల ఊపింది, నిన్నటినుంచీ ఉందట.

"మరి చెప్పలేదేమే?"

"చెప్తే మళ్ళీ ఆయన్నే తిడతావు గదక్కా."

ఆ నీళ్ళు మెదడు చుట్టూ ఉండేవనీ, పుర్రె అడుగు చిట్లితే ముక్కులోకి దిగుతాయనీ, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుందనీ డాక్టర్లు అనుకోగా కోకిల ఎన్నోసార్లు విన్నది. విని కూడా కన్నీళ్ళనుకుంది. పరుగున పోయి డ్యూటీ డాక్టరు వినోదినిని పిలుచుకొచ్చింది. స్కానులో పగులు కనబడింది. మంచం తలవైపు ఎత్తించి, ముక్కు చీదొద్దనీ వంగొద్దనీ చెప్పి, వేళకి పట్టారు గనక భయం లేదంది వినోదిని. ఎవరు కనిపెట్టారని అడిగింది.

"వాళ్ళాయన," అంది కోకిల, నేల చూస్తూ.

గేటు తీయించి మునిరత్నాన్ని లోపలికి తీసుకొచ్చి, మంచం పక్కన స్టూలు వేసి, ఆమెని తల వంచనీకుండా చూసుకొమ్మని అప్పగించింది. అతను కూచుని పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. కోకిల దూరంగా నిలబడి, అప్పుడు కూడా, అతని వేళ్ళ కణుపుల మీద దెబ్బల గుర్తులున్నాయేమోనని చూసింది.