సారు నన్ను వెనకే నిలబెట్టారు

ఆ రోజు పొద్దున్నుంచే వడగాలి. డోన్ సబ్‌స్టేషన్‌లో బ్యాటరీల నీళ్ళు చూస్తుండగా, కర్నూలు ఆఫీసు నుంచి మా జూనియర్ ఫోన్ చేసింది.

"సార్ పోయినాడన్నా. తెల్లారుజామున, నిద్రలోనే."

"నీకెవరు చెప్పినారు?" నా నోటి నుంచి మొదట వచ్చిన మాట అదే.

"అమ్మ చేసింది."

సారు భార్యను మేమిద్దరం అమ్మా అనే పిలుస్తాం. ఆమె ముందు ఈ అమ్మాయికే చేసింది.

కడప ఆఫీసులో మా ఇద్దరికీ రిలేల పని నేర్పింది సారే. లైన్ మీద పిడుగు పడినా, కొమ్మ తగిలినా పసిగట్టి కరెంటు ఆపించేది రిలే. దెబ్బ తగిలిన చోటికి దగ్గరున్నది ముందు కదలాలి. అది కదలకపోతేనే, కాస్త ఆగి, వెనకది కదలాలి. వెనకది తొందరపడితే ఊళ్ళకు ఊళ్ళే చీకటి. లైన్లన్నీ కంప్యూటర్‌లో గీసి, అందులో ఉత్తుత్తి పిడుగు పడేసి, ఏ రిలే ఎప్పుడు కదులుతుందో చూడటం మా పని.

కంప్యూటర్ ముందు కూర్చోకముందే సారు ఒక ఆట ఆడించేవారు. నేల మీద సుద్దతో లైన్ గీసి, మమ్మల్ని రిలేలుగా నిలబెట్టి, గీత మీద చెనిక్కాయ గింజ పడేసేవారు. అదే పిడుగు. సరైన సమయానికి "తెంచినా" అన్నవాళ్ళకు ఆ గింజ. జూనియర్‌ను ఎప్పుడూ దగ్గర, నన్ను ఎప్పుడూ వెనక. గింజలన్నీ ఆమే తినేది. నేను ఆగలేక ముందే అరిస్తే సారు నవ్వేవారు.

"నీ తొందరకు ఒంటిమిట్టలో రాములోరి పెండ్లి చీకట్లో చేయల్లప్పా."

ఆమె సెలవు పెట్టిన రోజు ముందు చోటు నాదే అనుకున్నాను. సారు టీ తెచ్చినాయన్ని పిలిచి అక్కడ నిలబెట్టారు. ఆయన గింజ నోట్లో వేసుకుని, "మీ ఉద్యోగం బాగుండాది సార్" అన్నాడు.

"నేనెప్పుడు సార్ ముందుండేది?" అని అడిగేశాను.

"ముందుండేదానికి చురుకు చాలప్పా. వెనకుండేదానికి ఓర్పు కావల్ల. అది శానామందికి ఉండదు."

నాకు సర్దిచెప్పడానికే అన్నారనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాను. రిటైరయ్యే ముందు కర్నూలులో కంప్యూటర్ పని ఆమెకే ఇప్పించారు. నేను బ్యాటరీల దగ్గరికి వచ్చాను. అయినా ఈ చేతులకు తెలిసిన పనంతా ఆయన పెట్టిన భిక్షే. ఎక్కడ లైన్ తెగిందని విన్నా నాకు మొదట ఆ గింజే కనబడుతుంది.

ఒంటిమిట్ట దగ్గర ఆయన ఊరు. బస్సులు మారి మధ్యాహ్నం దాటాక చేరాను. నాకన్నా దూరం నుంచి కారులో వచ్చిన ఆమె అప్పటికే అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చొని ఉంది. అమ్మ నన్ను చూసి, "అన్నం తిన్యావా నాయనా" అంది. అంతే.

చితి అంటించాక సారు తమ్ముడు అందరివైపూ చూశాడు. "గాలి శానా ఉండాది. నిప్పు సూసుకునేదానికి ఎవరన్నా ఒకరు ఉండల్ల."

ఎవరూ పలకలేదు. కాసేపు ఆగాను. అప్పటికీ ఎవరూ పలకలేదు.

"నేనుంటా" అన్నాను.

ఆమె నాలుగు గంటలకు కారులో కర్నూలు వెళ్ళింది. సారు తమ్ముడు, బంధువులు ఐదింటికి స్నానాలకు వెళ్ళారు. నేను మంటలు అణిగి, పొద్దుగూకినాక బయలుదేరాను.