ముందు కాళ్ళ సంగతి సెప్పు

బుధవారం మధ్యాహ్నం నా ఫోన్ మోగితే తెర మీద మా వదిన పేరే కనిపించింది. నెత్తళ్ళ చేపలు కడుగుతున్న చేతులు కొంగుకి తుడుచుకుని, "ఏటి వదినా, ఆకలేత్తందా? వత్తన్నాను, కాసేపాగు" అన్నాను. అవతల వదిన గొంతు లేదు. ఎవరో అమ్మాయి ఏడుస్తోంది. "అక్కా, నాను ఆంటీ కస్టమర్నండి. ఆంటీ పడిపోనారు. ఎంత పిలిసినా పలకట్లేదు" అంది.

పరిగెత్తాను. గోపాలపట్నంలో మా ఇంటికీ మా వదిన బ్యూటీ పార్లర్‌కీ మధ్య రెండు వీధులూ ఒక మెయిన్ రోడ్డూ ఉన్నాయి. మే నెల ఎండ. నా చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయని తర్వాత పక్కింటావిడ చెప్పింది. నేను వెళ్ళేసరికి మా వదిన కుర్చీ పక్కన నేల మీద ఉంది. కనుబొమ్మలు తీసే దారం కొస ఇంకా ఆమె పళ్ళ మధ్యనే ఉంది. ఆ కస్టమర్ అమ్మాయికి ఒక కనుబొమ్మ చక్కగా తీర్చి ఉంది, రెండోది ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు నాడి చూసి, గుండె ఆగిపోయి చాలాసేపయిందమ్మా అన్నాడు.

నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. ఆ పొద్దున్నే ఆ మనిషి నాతో పోట్లాడింది. నెత్తళ్ళు చింతకాయ వేసి వండమని ఆమె, మామిడికాయే వేస్తానని నేను. "నీ ఇట్టమొచ్చినట్టు తగలెయ్" అని ఫోన్ పెట్టేసింది. అంతే, అదే ఆఖరి మాట. పోట్లాట తెగనైనా లేదు, మనిషి వెళ్ళిపోయింది. ఇదేం పద్ధతి? సమాధుల తోట దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని వేశారు. మిట్టమధ్యాహ్నం నిద్రేమిటి? పగటిపూట మా వదిన కునుకు తీయగా నేనెప్పుడూ చూడలేదు. ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ళతో అక్కడే గొడవ పడబోతే మా ఆయన నన్ను పక్కకి లాగాడు.

ఆమె మా ఆయనకి సొంత అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయాడు, పిల్లల్లేరు. ద్వారకా నగర్‌లో ఎవరి దగ్గరో పని నేర్చుకుని వచ్చి, ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక డ్రయ్యర్‌తో గోపాలపట్నంలో దుకాణం తెరిచింది. మా అమ్మాయిని నేను కన్నానన్న మాటే గానీ, దాని జడలు, జ్వరాలు, స్కూలు మీటింగులు అన్నీ ఆమెవే. అది నేవీలో చేరతానన్నప్పుడు నేను రెండు పూటలు అన్నం మానేశాను. ఆమె మాత్రం దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుం దాకా ఉన్న జుట్టు మెడ దాకా కత్తిరించేసింది. నేను గగ్గోలు పెడితే, "అక్కడ తెల్లారకముందే లేపుతారంట. జడేసుకుంటా కూకుంటాదేటి నీ కూతురు? నోరు ముయ్యి" అంది.

ఒడిశాలో మొదటి ట్రైనింగ్. ఆదివారం మధ్యాహ్నం పిల్లల చేతికి ఫోన్లు ఇచ్చేవారు. అది మొదట అత్తకే చేసేది, అదీ పార్లర్‌లో ఉండగా. అందుకని ఆదివారం చర్చి అయ్యాక మేమంతా పార్లర్‌లోనే చేరేవాళ్ళం. స్పీకర్ పెట్టగానే మా వదిన అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే. "ముందు కాళ్ళ సంగతి సెప్పు." బాగున్నావా లేదు, తిన్నావా లేదు. బూటు ఎక్కడ కొరుకుతోంది, సాక్సు తడిగా ఉంటే మారుస్తున్నావా లేదా, బొబ్బని గిల్లావా లేదా, ఇవే. నాకు ఒళ్ళు మండేది. కూతురితో నాలుగు మాటలు మాట్లాడదామంటే ఈవిడ గోళ్ళ గురించి ఆరా తీస్తూ కూర్చుంటుంది. ఒకరోజు అడిగేశాను కూడా. "బాగున్నావా అంటే బాగున్నాననే అంటాది ఏ పిల్లైనా. కాళ్ళ గురించి అడిగితే అబద్ధం ఆడలేదు. ఆటితోపాటు మిగతాది కూడా బయటికొచ్చేత్తాది" అంది. నిజంగానే కాళ్ళ దగ్గర మొదలుపెట్టి అది అన్నీ చెప్పేసేది.

పాసింగ్ అవుట్ పరేడ్‌కి రైల్లో వెళ్ళాం. తెల్ల యూనిఫాంలో వరసలు వరసలుగా పిల్లలు నడుస్తుంటే నాకు నా కూతురు ఎవరో పోల్చుకోవడం కూడా రాలేదు. పరేడ్ అయ్యాక అందరూ పిల్లల్ని వాటేసుకుని ఏడుస్తున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. మా వదిన మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని దాని బూటు తాళ్ళు విప్పుతోంది. "అత్తా, అందరూ సూత్తన్నారు. మా సార్లు కూడా ఉన్నారు" అని అది గింజుకుంటోంది. "సూడనీ" అని రెండు సాక్సులూ లాగేసి, అరికాళ్ళు తిప్పి తిప్పి చూసి, అప్పుడు ఏడ్చింది మా వదిన. పగుళ్ళూ కాయలూ కట్టి ఆ కాళ్ళు మా పిల్లవి కావన్నట్టున్నాయి.

గండం గట్టెక్కిందనుకున్నాం. పరుగులు అయిపోయాయి, పరేడ్ అయిపోయింది, ఇంక మిగిలింది గుజరాత్‌లో ఎలక్ట్రికల్ పని నేర్చుకోవడమే కదా, కూర్చుని చదువుకునేదే కదా అని స్వీట్లు పంచాను. పిల్ల చతికిలపడింది అక్కడే. తెలుగు మీడియంలో చదివిన పిల్ల. క్లాసులో చెప్పేది పలక మీద రాసినట్టు కనపడుతోంది గానీ బుర్రకెక్కడం లేదంది. మొదటి పరీక్ష తప్పింది. మళ్ళీ తప్పితే వెనక బ్యాచ్‌లో వేస్తారట. ఒక ఆదివారం స్పీకర్‌లో అందరం వింటుండగా భోరుమంది. "అమ్మా, నాను వచ్చేత్తాను. పరిగెత్తమంటే పరిగెత్తాను గానీ ఇది నా వల్ల కాదు." కన్నతల్లిని, నేనేమంటాను? "వచ్చెయ్ తల్లీ" అన్నాను. మా వదిన నా చేతిలో ఫోన్ లాక్కుంది.

"ముందు కాళ్ళ సంగతి సెప్పు."

"అత్తా! నాను సదువు గురించి సెప్తంటే..."

"బాగున్నాయా లేదా?"

"బాగానే ఉన్నాయి."

"అయితే నిలబడగలవు. ఇప్పుడు సెప్పు, ఈ వారం ఏటి సెప్పారు క్లాసులో? నాకు సెప్పు. నా డ్రయ్యర్ అస్తమానం జిల్లుమని షాక్ కొడతంది, ఎందుకు?"

అటువైపు కాసేపు ముక్కు ఎగపీల్చిన చప్పుడు. తర్వాత, "ఎర్తింగ్ లేదేమో అత్తా."

"అదేటి?"

అలా మొదలైంది. ప్రతి ఆదివారం అది వాళ్ళ అత్తకి పాఠం చెప్పాలి. మా వదిన అడ్డమైన ప్రశ్నలన్నీ అడిగేది. ఫ్యూజు ఎందుకు పోతుంది, స్విచ్ వేస్తే ఫ్యాను ఎందుకు ఉలిక్కిపడినట్టు తిరుగుతుంది, ఓడలో కరెంటు పోతే మరి ఎవరికి ఫోన్ చేస్తారు. అర్థం కాకపోతే "నాకు ఎక్కలేదే, ఇంకోలా సెప్పు" అనేది. అది ఇంకోలా చెప్పేది. ఫేషియల్ వేయించుకుంటూ మొహానికి ముల్తానీ మట్టితో పడుకున్న ఆడవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని వినేవారు. అప్పట్లో గోపాలపట్నం ఆడవాళ్ళందరికీ ఎర్తింగ్ అంటే ఏమిటో వచ్చేసింది. రెండోసారి పరీక్షలో పిల్ల నెగ్గింది. మా వదిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, వాడి నెత్తి మీద నిలబడి పార్లర్‌కి ఎర్తింగ్ వేయించింది. "మా మేనకోడలు సెప్పింది, సరిగ్గా వెయ్" అని వాడిని కాల్చుకు తింది.

ఇంత మనిషీ ఒక్కసారి తప్పుచేసింది. వానాకాలంలో మద్దిలపాలెం దగ్గర మా ఆయన బండి జారి కాలు విరిగింది, లోపల రాడ్డు వేశారు. పిల్లకి చెప్పొద్దని మా వదిన హుకుం. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి, అంత దూరం నుంచి అది చేసేదేముంది, కుమిలిపోవడం తప్ప అంది. ఆ ఆదివారం మా వదిన తన ఫోన్ ఆసుపత్రికే తెచ్చింది. మా ఆయన మంచం మీంచి, ఇంట్లో టీవీ చూస్తున్నట్టు మాట్లాడాడు. అందరం నవ్వుతూ మాట్లాడాం. తర్వాత మా బంధువుల కుర్రాడెవడో ఆసుపత్రి ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. పిల్ల ఆ ఫొటో చూసింది. మరుసటి ఆదివారం మేమంతా పార్లర్‌లో ఎదురుచూస్తూ కూర్చుంటే ఫోన్ రాలేదు. ఆ పైవారం వచ్చింది. మా వదిన ఎప్పట్లాగే "ముందు కాళ్ళ సంగతి..." అనబోతే, అది మాట పూర్తి కానివ్వలేదు.

"నా కాలికి బొబ్బొస్తే నీకు సెప్పాను కదత్తా. మా నాన్న కాలు ఇరిగితే నాకు సెప్పవా? ఇప్పుడు మీరు నవ్వుతుంటే నమ్మాలో లేదో నాకు తెలీదు. ప్రతి ఆదివారం ఫోన్ పెట్టేశాక, ఏటి దాసేరో అనుకుంటా పడుకుంటన్నాను."

మా వదిన డ్రయ్యర్ వైరు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "తప్పేనే" అంది చివరికి. "ఇంకెప్పుడూ దాయను. మనింట్లో ఏటి జరిగినా నానే సెప్తాను. ఇంకెవరి నోటా వినవు నువ్వు."

మొన్న భూస్థాపన అయి ఇంటికొచ్చాక నాకు గుర్తొచ్చినది ఆ మాటే. ఏటి జరిగినా నానే సెప్తానంది. మరి ఇదెవరు చెప్తారు వదినా? ఇలాంటిదొకటి ఉంటుందని నీకు తోచలేదా?

సోమవారం పిల్లకి ఆఖరి పరీక్ష. మా ఆయన, మా పాస్టరు గారు, పెద్దవాళ్ళంతా కూర్చుని, పరీక్ష అయ్యాక చెబుదామన్నారు. మా ఆయన ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉన్నాడు. "మా అక్క దాని సదువు కోసమే కదే అంత తాపత్రయపడింది. ఈ ఒక్కటీ రాసేయనీ" అన్నాడు. ఆ మాటా కొట్టిపారేయలేను. రెండోసారి తప్పబోయి గట్టెక్కిన పిల్ల. ఇది వింటే పెన్ను పట్టుకోగలదా? అలాగని దాస్తే, రేపు తెలిశాక మమ్మల్ని ఎప్పటికైనా నమ్ముతుందా? ఇల్లంతా తిరిగాను. కాళ్ళు భగ్గుమంటున్నాయి గానీ నిలబడితే ఏడుపొస్తోందని తిరుగుతూనే ఉన్నాను.

ఆదివారం మా ఇంట్లో ఓదార్పు ప్రార్థనకి ఆదరణ కూడిక పెట్టారు. ఆ కస్టమర్ అమ్మాయి కూడా వచ్చింది. ఒక కనుబొమ్మ అలాగే ఉంది. "ఇంకో పార్లర్‌కి ఎల్లడానికి మనసొప్పట్లేదక్కా" అంది. ప్రార్థన అయి భోజనాలకి లేస్తుండగా, బల్ల మీద మా వదిన ఫోన్ మోగింది. తెర మీద తెల్ల యూనిఫాంలో మా అమ్మాయి. అందరూ నా వైపే చూశారు. "అత్త చర్చిలో ఉందని సెప్పు" అని మా ఆయన గుసగుసగా అన్నాడు. నేను ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాను.

"కాళ్ళు బాగున్నాయత్తా! నువ్వు అడక్కముందే సెప్పీసాను" అని పకపకా నవ్వింది.

"అత్త కాదమ్మా, నానే" అన్నాను.

"అత్తేదీ? బాత్రూంలో ఉందా?"

"లేదమ్మా" అన్నాను. ఇంకే మాటా ముందుగా అనుకోలేదు, అనుకున్నా వచ్చేది కాదు. "అత్త మరి లేదు. బుధవారం మధ్యాహ్నం పోయింది. పార్లర్‌లో పని సేసుకుంటానే పోయింది, గుండాగిపోయింది. నీకు దాయనని మాటిచ్చింది కదా. అందుకని సెప్తన్నాను."

అటువైపు ఎక్కడో దూరంగా ఆడపిల్లలు బంతాట ఆడుతూ కేకలేస్తున్నారు. తర్వాత అది ఏడ్చింది. దాన్ని ఏడవనిచ్చాను. నేనూ ఏడ్చాను. మా ఆయన గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"నీకెవరు సెప్పారమ్మా?" అని చాలాసేపటికి అడిగింది.

"అత్త ఫోన్‌లోంచే ఆ కస్టమర్ అమ్మాయి సేసిందమ్మా. పరిగెత్తాను."

"ఇంటి కాడి నుంచా?"

"మరి?"

ముక్కు గట్టిగా తుడుచుకున్న చప్పుడు వినిపించింది. "రేపు పేపర్లో ఎర్తింగ్ తప్పకుండా వత్తాదమ్మా" అంది. "అత్తకి సెప్పినట్టే రాసేత్తాను." ఊఁ అన్నాను. అప్పుడు అది అడిగింది.

"అమ్మా. నీ కాళ్ళెలగున్నాయి?"

బుధవారం నుంచి మా ఇంటికి ఎంతమంది వచ్చారో. ఏడ్చారు, పట్టుకున్నారు, అన్నం తినమన్నారు. ఈ మాట ఒక్కరూ అడగలేదు. నేనూ చూసుకోలేదు. నూతి గట్టు మీద కూర్చుని, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అరికాలు తిప్పాను. బొబ్బలు చితికి, తోలు లేచి, మడమ పగుళ్ళలో రోడ్డు తారు ఇంకా నల్లగా అంటుకునే ఉంది.

"సెప్పమ్మా" అంటోంది అది.