షారన్ పంపని మెసేజ్

షారన్ వాళ్ళమ్మ జ్ఞానకుమారి తణుకు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. "నోరు తెరిచి అడిగితే చులకనైపోతామే" అని చెబుతూ కూతుర్ని పెంచింది. షారన్ అలాగే పెరిగింది. 2018 ఫిబ్రవరిలో రీసెర్చ్ మాస్టర్స్ కోసం ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి, ఊరి శివారు కానింగ్ వేల్‌లో ఇద్దరమ్మాయిలతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని, రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వెళ్ళేది. గోధుమ చేలల్లో మొలిచే కలుపు మొక్కల విత్తనాల మీద ఆమె పరిశోధన. ల్యాబ్‌లో ఆమెకు తలుపు దగ్గరి బల్ల ఇచ్చారు. వచ్చేపోయేవాళ్ళ భుజాలు తగులుతుండేవి. కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీగా ఉండేది. ఎనిమిది నెలలు దానివైపు చూసింది గాని, అడగలేదు.

అక్టోబరులో వరంగల్ నుంచి శ్రీకర్ అనే విద్యార్థి వచ్చాడు. వచ్చిన రోజే ఆ బల్ల అతనిదైంది. ఆ వెలుగు అతనికి పడదని దానిపైన ఉన్న ట్యూబ్‌లైటు కూడా తీసేశారు. ప్రొఫెసర్ హెలెన్ అందరినీ కూర్చోబెట్టి, శ్రీకర్ చెప్పమన్నాడు కాబట్టే చెబుతున్నానని, అతనికి ఆటిజం ఉందని చెప్పింది. మీటింగుల్లో అడగబోయే ప్రశ్నలు అతనికి ముందురోజే రాసి పంపుతామంది.

షారన్ తలూపింది గాని లోపల ఉడికిపోయింది. మీటింగుల్లో అక్కడివాళ్ళ ఇంగ్లీషు ఆమెకు అర్థమయ్యేలోపు మాట ఇంకెవరికో వెళ్ళిపోయేది. ఆ కష్టానికి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

శ్రీకర్ మహా తెలివైనవాడైతే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదేమో. అతను నిదానస్తుడు. ఒక పళ్ళెం విత్తనాలు వేరుచేయడానికి ఆమెకంటే రెట్టింపు సమయం తీసుకునేవాడు. "వాడికి డాక్టర్ లెటరుందమ్మా, మనకి లేదు" అని ఒకరోజు ఫోన్లో అంది. అన్నాక తనకే సిగ్గేసింది. అసూయ మాత్రం తగ్గలేదు. ల్యాబ్‌లో ఒక పార్ట్‌టైమ్ ఉద్యోగం పడబోతోందని, దానికి ఇద్దరూ పోటీ అని తెలిశాక ఇంకా పెరిగింది.

మార్చిలో నిధులిచ్చే సంఘం సభ్యులు ల్యాబు చూడటానికి వస్తామన్నారు. శ్రీకర్ తన పనిని ముందే వీడియో తీసి చూపించేలా ఏర్పాటైంది. తీరా ముందురోజు సాయంత్రం, విద్యార్థుల్ని నేరుగా కూడా ప్రశ్నలు అడుగుతామని కబురు చేశారు. వాళ్ళను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు పరుగెడుతూ హెలెన్ ఆ ప్రశ్నల కాగితం షారన్ చేతిలో పెట్టి, వెంటనే శ్రీకర్‌కి పంపమంది.

బస్సులో షారన్ కాగితాన్ని ఫోటో తీసింది. శ్రీకర్ నంబరు తెరిచింది. ఒక్కసారి అతనూ నాలాగే నిలబడనీ, అనుకుని ఫోను సంచిలో వేసేసింది. కాగితం మాత్రం రెండుసార్లు చదువుకుంది.

మర్నాడు వీడియో అయ్యాక ఒక సభ్యుడు శ్రీకర్‌ని ప్రశ్న అడిగాడు. అతను లేచాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. చొక్కా అంచు నలుపుతూ అర నిమిషం నిలబడి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత షారన్ వంతు. ఎప్పుడూ లేనిది, తడుముకోకుండా జవాబు చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు. ప్రశ్నలు ముందే చదివినందుకే తనకు మాట వచ్చిందని ఆమెకు అక్కడే తెలిసింది. ఇక కూర్చోలేకపోయింది.

శ్రీకర్ మొక్కల షెడ్డు వెనక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"శ్రీకర్, ఆ క్వశ్చన్స్ నిన్నే వచ్చేయి. హెలెన్ నీకు సెండ్ చెయ్యమంది. నేను చెయ్యలేదు."

"మర్చిపోయినవా?"

"లేదు. కావాలనే."

"ఎందుకు?"

"కుళ్ళు. నీకు అన్నీ ఇస్తున్నారు. ఆ డెస్క్ నువ్వు రాకముందు నుంచీ నాకు కావాలి."

"నువ్వు అడిగినవా?"

షారన్ తల అడ్డంగా ఊపింది.

"ఫస్ట్ యూనివర్సిటీల నేను ఎవ్వరికీ చెప్పలే. రెండు సెమిస్టర్లు ఫెయిలైన. ఈడ అడిగిన. నోటితోని చెప్పరాక, కాగితం మీద రాసిచ్చిన," అన్నాడు అతను నేలవైపు చూస్తూ. "నువ్వు చేసింది తప్పు. హెలెన్‌కి నువ్వే చెప్పు. ఇప్పుడు నాతోని మాట్లాడకు."

ఆ మధ్యాహ్నమే షారన్ చెప్పేసింది. హెలెన్ కేకలు వేయలేదు గాని, నిన్ను నమ్మడానికి నాకు కొంత కాలం పడుతుందని అంది. శ్రీకర్ జవాబులు రాసి పంపాడు, సంఘం వాళ్ళు తీసుకున్నారు. ఆ మధ్యాహ్నం మాటల చివర హెలెన్, నీకేమైనా కావాలా అని షారన్‌ని అడిగింది. ప్రశ్నలు నాకూ ముందే కావాలి, అంది షారన్.

ఏప్రిల్ నుంచి ల్యాబ్‌లో అందరికీ మీటింగు ప్రశ్నలు ముందురోజే రావడం మొదలైంది. ఎప్పుడూ నోరు విప్పని మరో ఇద్దరు కూడా మాట్లాడసాగారు. ఉద్యోగం మాత్రం శ్రీకర్‌కి వచ్చింది. ఆ రోజు షారన్ అన్నం తినలేదు.

షెడ్డు దగ్గరి మాటల తర్వాత మూడు వారాలు అతను ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు భోజనాల గదిలో ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఇంకా కుళ్ళుగ ఉందా?"

"ఉంది," అంది షారన్. "ముందున్నంత లేదు."

అతను తన డబ్బా మూత తీశాడు.

"మొత్తం పోయినంక చెప్పు," అన్నాడు.