కదిరమ్మ కంచం

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే శ్రీరంగప్ప గొప్పవాడు. ఆ సంగతి ఊళ్లో ఎవరూ చెప్పరు కాబట్టి ఆయనే చెప్పుకుంటూ తిరుగుతాడు. అంగట్లో చెబుతాడు, పెళ్లిళ్లలో చెబుతాడు, చావుకు పోయినచోట శవాన్ని ఇంకా లేపకముందే పక్కనున్నవాణ్ణి పట్టుకుని తన ఇంటి పద్ధతుల గురించి మొదలుపెడతాడు. ఆ పద్ధతుల్లో ఆయనకు అన్నిటికన్నా ముద్దొచ్చేది ఒకటుంది. భార్య కదిరమ్మ పెళ్లయిన నాటినుంచి ఈనాటిదాకా ఆయన తిని లేచిన కంచంలోనే తింటుంది.

"నా తట్టలో తప్ప మెతుకు ముట్టదన్నా," అంటాడు. "ఈ కాలంలో యాడుండారు అట్లాంటోళ్లు?"

కదిరమ్మ వింటూ ఉంటుంది. ముఖంలో ఏమీ కనిపించనివ్వదు. ఆ మనిషి తినే తీరు ఆమెకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. సంగటి ముద్దను పిసికి పిసికి కంచమంతా పూస్తాడు. నమిలిన మునక్కాడ పిప్పి అంచున పేరుస్తాడు. ఇంత చేసీ, కంచంలో చెయ్యి కడగకుండా లేస్తాడు. అది భార్య మీద తాను చూపే దయ అని ఆయన నమ్మకం. లేచి, మూతి తుడుచుకుని, వక్క నోట్లో వేసుకుని "ఊఁ" అన్నాక కదిరమ్మ కూర్చోవాలి. అప్పటికి సంగటి గట్టిపడి ఉంటుంది, పప్పు మీద పొర కట్టి ఉంటుంది. వండేది ఆమె, పొయ్యి దగ్గర చెమటలు కక్కేది ఆమె, వేడి అన్నం ఎలా ఉంటుందో మరిచిపోయింది కూడా ఆమే.

ఆమె పుట్టిల్లు సోమందేపల్లె. తండ్రి రామప్ప మగ్గం నేసేవాడు. ఆ ఇంట్లో ఉన్నది కొంచెమైనా అందరూ చుట్టూ కూర్చుని తినేవారు, రామప్ప భార్య కూర్చునేదాకా చెయ్యి పెట్టేవాడు కాదు. అలాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లకు అత్త సుంకమ్మ మొదటిరోజే కంచం చూపించింది. కొత్త కోడలు కాబట్టి నోరు మెదపలేదు.

ఒక్కసారి మాత్రం తప్పింది. కూతురు అశ్విని కడుపులో ఉన్నప్పుడు, శ్రీరంగప్ప అంగట్లో ఎవరితోనో గొప్పలు చెప్పుకుంటూ పొద్దు వాలినా ఇంటికి రాలేదు. కళ్లు తిరుగుతుంటే ఆమె వేరే కంచంలో ఇంత పెట్టుకుని తినేసింది. సుంకమ్మ చూసి, కొడుకు రాగానే చెప్పింది. ఇక చూడండి ఆ మగవాడి పౌరుషం! భోజనం మీదనుంచి లేచిపోయి తన అక్క ఇంట్లో తిండి మొదలుపెట్టాడు. అక్కడ వేడివేడిగా మెక్కుతూ, తాను అలిగి పస్తులున్నట్టు ఊరంతా చాటించాడు. చివరకు రామప్పను పిలిపించారు. ఆయన వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయిపాయ సామీ. పిల్లకు తెలీల్యా."

అప్పుడు శ్రీరంగప్ప కూర్చున్నాడు, తీరిగ్గా తిన్నాడు, కంచం కదిరమ్మ వైపు నెట్టాడు. రామప్ప చూస్తుండగా ఆమె ఆ కంచంలో తినింది. తండ్రి తల పక్కకు తిప్పుకోవడం ఆమెకు కనిపించింది. మొగుణ్ణి ఆమె అసహ్యించుకోవడం ఆరోజే మొదలైంది, ఆ తర్వాత ఒక్క పూటా తగ్గలేదు. బయటికి మాత్రం మగ్గాలవాళ్లకు పట్టు తూచి ఇచ్చింది, చీరలు మడతలు పెట్టింది, పిల్లను పెంచింది, వచ్చినవాళ్లకు కాఫీలిచ్చింది.

అశ్విని చదువుకుని పెనుకొండ దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరైంది. తల్లిదండ్రుల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయని ఆమెకే గుర్తొచ్చింది.

"ఏం కావల్ల మా నీకు? చీరనా, గాజులా?"

చీరలమ్మే ఇంట్లో చీర అడిగే తెలివితక్కువది కాదు కదిరమ్మ. "నాకొక తట్ట కావల్ల పాపా," అంది. " నాదే. మీ నాయన తినేటప్పుడే ఆ పక్కన కూర్చోని నేనూ వేడివేడిగా తినల్ల. ఒక్కపూట చాలు."

అశ్వినికి ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఇంట్లో ఇది జరిగే పని కాదని తెలుసు. ఊళ్లో హోటలుకు పోయినా లాభం లేదు. ఒకసారి అనంతపురంలో శ్రీరంగప్ప ఒకే ఒక మీల్సు చెప్పి, తాను తిన్నాక ఆకు ఆమె ముందుకు జరిపాడు. సర్వరు కూడా మారుమాట్లాడలేదు. కంచాలు నెట్టుకోవడం మర్యాద కాని చోటు కావాలి. సోమందేపల్లె దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన ఫ్రెంచి హోటలు అశ్వినికి గుర్తొచ్చింది. కార్ల కంపెనీ పెద్దలూ, బెంగళూరు డబ్బున్నవాళ్లూ వచ్చే చోటు. అక్కడ మనిషికొక కంచం తప్పదు, నాయన గొంతులో వెలక్కాయ పడుతుంది అనుకుంది.

ఫ్రెంచి అన్న మాట వినగానే శ్రీరంగప్ప ఛాతీ ఉబ్బింది. ఏకంగా ఫ్రాన్సుకే తనను పిలిచినట్టు నలుగురికీ చెప్పుకున్నాడు. చెప్పుకుంటే చాలలేదు, చూడటానికి మనుషులు కావాలి. బెంగళూరులో పెద్ద పట్టుచీరల షోరూము నడిపే హరినాథ్‌నీ, ఆయన భార్య సుజాతనూ పిలిచాడు. విందు ఇచ్చేది అశ్విని అయినా, ఆమెను ఒక్క మాటా అడగలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం పోయారు. దారి పొడుగునా చేలు ఎండి ఉన్నాయి, ఊరి బయట బిందెలు ట్యాంకరు కోసం వరుసలో కూర్చున్నాయి. హోటలు ఆవరణలో మాత్రం పచ్చటి గడ్డి, గడ్డి మధ్యలో నీళ్లు పైకి చిమ్మే ఫౌంటెను. ఆ నీళ్లు ఎవరి దప్పికా తీర్చకుండా ఎగిరి అక్కడే పడుతున్నాయి. కదిరమ్మ ఒక చూపు చూసి, "బుద్ధిలేని దుడ్లు," అంది. లోపల పగలే కొవ్వొత్తులు వెలిగించి ఉన్నాయి. మాట్లాడితే నేరమన్నట్టు అందరూ గుసగుసలాడుతున్నారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, మనిషికి ముగ్గురు నలుగురు తినడానికి సరిపడా చెంచాలు.

హరినాథ్ మంచి వ్యాపారస్తుడు, అంటే ఎదుటివాడు ఏమన్నా నవ్వే మనిషి. సుజాత సంగతి వేరు. మొగుడు ఇంటికి వచ్చేలోపే తిని పడుకునే ఆ ఇల్లాలికి ఇతరుల ఇళ్లలో సంప్రదాయం కనిపిస్తే కళ్లు చెమరుస్తాయి. దాన్ని వెంటనే ఫోన్లో పట్టి షోరూము పేజీలో పెట్టుకుంటుంది.

సర్వరు వచ్చాడు. నల్లకోటు వేసుకున్న నడివయసు మనిషి, కోటు మీద జోయల్ అని పేరు. నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు గానీ, శ్రీరంగప్ప ఆపాడు.

"నాలుగు తట్టలు చాలప్పా. ఆమెకొద్దు."

"ఐదు," అంది అశ్విని.

"ఏమే, నీకు తెలీదా? మీ అమ్మ నా తట్టలోనే కదా తినేది!" అని హరినాథ్ వైపు తిరిగి ఎప్పటి పాట ఎత్తుకున్నాడు. సుజాత చేయి గుండె మీద పెట్టుకుంది.

"నిజంగానా ఆంటీ? ఎంత అదృష్టవంతులండీ అంకుల్! వీడియో తీస్తాను, మా కస్టమర్లకు చాలా నచ్చుతుంది."

"తియ్యమ్మా, తియ్యి," అన్నాడు శ్రీరంగప్ప. తలకట్టు సర్దుకున్నాడు కూడా.

"ఇక్కడ మనిషికొకటి వస్తాది సార్, తప్పదు," అన్నాడు జోయల్. "సరేలే, ఆమెది ఊరికే ఉంటాది," అన్నాడు శ్రీరంగప్ప.

కూతురు ఇంత దూరం తీసుకొచ్చింది, కంచమైతే వస్తుంది. అందులో చెయ్యి పెట్టే ధైర్యం తనకుందా అన్నదే కదిరమ్మకు తెలియలేదు. ఈయన లేచిపోతే? ఇంతమంది ముందు, కూతురు పనిచేసే చోటివాళ్లు కూర్చున్నచోట, ఆనాటిలాగే విసురుగా లేచిపోతే?

మొదట ఐదు గిన్నెల్లో తెల్లటి సూపు వచ్చింది. శ్రీరంగప్ప ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసి, "బ్రహ్మాండం," అన్నాడు. దేనితో చేశారో అడిగితే చెప్పలేడు. కదిరమ్మ తన గిన్నె అంచు వేలితో తాకింది. చల్లగా ఉంది. నోట్లో పెట్టుకుంది. ఉర్లగడ్డ దుంపలు ఉడకబెట్టి, మెదిపి, పాలు పోసి, మరిచిపోయినట్టు ఉంది.

"ఇది సల్లగుండాదే!"

సుజాత కిసుక్కున నవ్వింది. "అయ్యో ఆంటీ, అది చల్లగానే తాగాలి. వాళ్ల పద్ధతి అది."

పద్ధతి అన్న మాట కదిరమ్మకు ఎక్కడో తగిలింది. గిన్నె ముందుకు జరిపి జోయల్‌తో అంది. "నలభై ఏండ్లుగా సల్లదే తింటాండానప్పా. దానికి ఇంత దూరం రావల్లనా? వేడి చేసుకరా."

శ్రీరంగప్ప పళ్లు నూరాడు. "పరువు తీయద్దు." జోయల్ ఆమె ముఖంలోకి చూసి గిన్నె తీసుకుపోయాడు. పొగలు కక్కుతూ తిరిగి తెచ్చాడు. కదిరమ్మ ఊదుకుంటూ తాగింది. నాలుక కాలింది. అయినా ఆపలేదు. రుచి ఏమీ లేదు, ఉప్పు కూడా సరిగా లేదు, కానీ గొంతునుంచి కడుపుదాకా వేడి దిగుతుంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సంతోషం కాదు. ఇంత చిన్నదానికి ఇన్నేళ్లు ఈ మనిషి ముందు పడి ఉన్నానే అన్న రోత.

"సూపు లెక్కలోకి రాదులే," అని శ్రీరంగప్ప సుజాతకు సర్దిచెప్పాడు. "అసలుది రానీ."

అసలుది వచ్చింది. కంచం బండిచక్రమంత, మధ్యలో కూర పిడికెడు. వంకాయ, టమోటా, దోసకాయలాంటిదేదో బిళ్లలుగా కోసి పువ్వులా పేర్చారు. ధర్మవరంలో ఈ కూర ఇంత వడ్డిస్తే పెళ్లివారు పీటల మీదనుంచి లేచిపోతారు. జోయల్ దానికి నోరు తిరగని పేరొకటి చెప్పాడు. హరినాథ్ ఆహా అన్నాడు. కానీ పొగలు వస్తున్నాయి. కదిరమ్మ పక్కన బుట్టలో పెట్టిన రొట్టె చేత్తో తుంచి, కూర అద్దుకుని, నోట్లో పెట్టుకుంది. మొగుడు మొదలుపెట్టకముందే.

శ్రీరంగప్ప ఆ సంగతి చూడలేదు. ఆయన ఫోర్కుతో కుస్తీ పడుతున్నాడు. వంకాయ బిళ్ల జారి తెల్లగుడ్డ మీద పడింది, దాన్ని వేలితో కంచం కిందికి తోశాడు. ఉన్నదే నాలుగు ముద్దలు. అందులో సగం తిన్నాడు. మిగతా సగం మీద ఆకలిగా ఒక చూపు చూశాడు. ఇంట్లో అయితే అంతా తిని పిప్పి మిగిల్చేవాడు. కానీ ఫోను ఎదురుగా ఉంది, భార్యకు ఏమీ మిగల్చని మొగుడిలా కనిపిస్తే ఎలా? సగం వదిలి, మూతి తుడుచుకుని, కంచాన్ని రెండు చేతులతో కదిరమ్మ ముందుకు నెట్టాడు.

"ఊఁ."

సుజాత ఫోను ఎత్తిపట్టింది. పక్క బల్లవాళ్లు కూడా చూస్తున్నారు. కదిరమ్మ రొట్టె ముక్క తుంచుకుంది. తన కంచంలోనే అద్దుకుంది.

"తినవే," అన్నాడు శ్రీరంగప్ప నవ్వు చెడకుండా. "చూస్తాండారు."

ఆమె నమిలి మింగింది.

ఆయన వంగి చెవి దగ్గర అన్నాడు. "లేసిపోతా చూడు. మల్లా మీవోళ్లు వచ్చి కాళ్లు పట్టుకోవల్ల."

కదిరమ్మ ఇన్నేళ్లుగా భయపడింది ఈ మాటకే. తీరా విన్నాక చూస్తే అందులో ఏమీ లేదు. చేతులు కట్టుకుని నిలబడటానికి రామప్ప లేడు, పోయి చాలా ఏళ్లయింది. పోయి తినడానికి ఆ అక్కా లేదు. వచ్చిన కారు అశ్వినిది. ఈయన లేస్తే ఫౌంటెను దగ్గరకు పోయి నిలబడాలి, అంతే. ఇంత పిరికివాడికా తన తండ్రి దణ్ణం పెట్టింది!

"లెయ్," అంది.

గొంతు తగ్గించలేదు. హరినాథ్ నవ్వు ఆగిపోయింది. సుజాత ఫోను మెల్లగా ఒళ్లోకి దించుకుంది. అశ్విని తండ్రివైపు చూసింది. శ్రీరంగప్ప కుర్చీ చేతులు పట్టుకున్నాడు, మోకాళ్లు కొంచెం లేచాయి, మళ్లీ కూర్చున్నాయి. ఎర్రబడిన ముఖంతో నీళ్లగ్లాసు అందుకున్నాడు.

కదిరమ్మ కంచం తుడిచినట్టు తినింది. ఆయన కంచం బల్ల మధ్యలో ఎవరిదీ కానట్టు ఉండిపోయింది. జోయల్ వచ్చాడు. ఖాళీ కంచాలు ఎత్తి, దాని దగ్గర ఆగాడు. ఎవరిని అడగాలో తెలియక కదిరమ్మనే అడిగాడు.

"ఇది పెట్టేదా మేడం, తీసేదా?"

శ్రీరంగప్ప చెయ్యి కంచం వైపు కదిలింది. ఆయనకు ఆకలిగానే ఉంది.

"ఎత్తుకపోప్పా," అంది కదిరమ్మ. "అది ఎంగిలిది. ఎవురు తింటారు?"