ఆది చొక్కా

వీధిలో అందరూ ఆమెను టేపత్త అంటారు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. నిజానికి ఆ టేపు అలంకారమే, కొలతలన్నీ కళ్లలోనే ఉంటాయి. దుకాణం ముందు నుంచి నడిచిపోయే మనిషిని చూసి, "ఛాతీ నలభై, ఎడమ భుజం పావంగుళం కిందకి," అని గొణుక్కుంటుంది. ఒకసారి బ్యాంకు వరసలో తన ముందున్న పెద్దమనిషిని, "బాబూ, ఆ కాలరు మీ మెడకి అరంగుళం తక్కువ, ఊపిరాడుతోందా?" అని అడిగింది. ఆయన మర్నాడే నాలుగు చొక్కాల గుడ్డ పట్టుకుని వచ్చాడు. అలాంటి మనిషి, కన్నకూతురి చెయ్యి ఎనిమిదేళ్ల పాటు చూడలేదు.

పిల్లకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా మొదలైంది. "కొలతలెందుకమ్మా, దీని ఆదికి కుట్టేసెయ్," అంటూ నీలం గీతల పొడుగు చేతుల చొక్కా ఒకటి బల్ల మీద పడేసింది. ఆది దొరికితే దర్జీకి హాయి. మనిషిని నిలబెట్టక్కర్లేదు, చేతులు ఎత్తు, దించు అనక్కర్లేదు. పాత చొక్కా గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి, కత్తెర వేసెయ్యడమే. ఆ ఒక్కసారే కాదు, ఎనిమిదేళ్లూ ఆ చొక్కాయే ఆది. పిల్ల ఎదుగుతోందని పక్కలు వదులు చేసేది, పొడవు పెంచేది. చేతుల దగ్గర మాత్రం నోటిమాటతో సరిపెట్టుకునేది.

"చేతులు సరిపోయాయా?"

"సరిపోయాయి."

ఎండలు మండిపోతున్నా పొడుగు చేతులే. ఆ పిల్ల ఎప్పుడు చూసినా కఫులు వేళ్ల మీదకి లాక్కుంటూ ఉండేది. "ఏంటే ఆ లాగుడు? కుట్లు ఊడొస్తాయి," అని కసిరేది టేపత్త. వేరేవాళ్ల పిల్లైతే ఆ లాగుడు ఎందుకో క్షణంలో కనిపెట్టేది. తనదయ్యేసరికి కళ్లకు గంతలు కట్టుకుంది.

ఇప్పుడా పిల్లకు ఇరవై రెండు. ఊరికి ఆ చివర అద్దెగదిలో ఉంటూ, లెక్కల మాస్టార్ల గైడ్లలో తప్పులు దిద్దే ఉద్యోగం చేస్తోంది. మొన్నామధ్య ఓ పుస్తకం రాసింది. తన ఒంటిని తనే గాయపరుచుకుంటూ గడిపిన ఏళ్ల గురించి, మానేశాననుకున్నాక మళ్లీ మొదటికొచ్చిన రోజుల గురించి. గదులు మారుతుంటుంది కాబట్టి పుస్తకం చివర దుకాణం చిరునామా ఇచ్చింది.

"ఉత్తరాలొస్తే నువ్వు చదివి మంచివి తీసి ఉంచమ్మా. తిట్లు చదివే ఓపిక నాకింకా లేదు," అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "పుస్తకం చదివావా?"

"ఆఁ, చదివాను."

పచ్చి అబద్ధం. పుస్తకం దారాల సొరుగులో అడుగున ఉంది. ఒక్కసారి తెరిచింది. మొదటి పేజీలోనే 'అమ్మ' అనే మాట కనబడేసరికి మూసేసింది.

ఉత్తరాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. మిషను ఆపి, కళ్లజోడు పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు చదివేది. ఒక బస్సు కండక్టరు, పుస్తకంలో పడి సగంమందికి టిక్కెట్లు కొట్టడం మరిచిపోయానని, తన తమ్ముడు కూడా ఇలాగేనని రాశాడు. ఒక టీచరు రాసింది: "నా క్లాసులో ఒక పిల్ల ఎప్పుడూ స్వెట్టర్ విప్పదు. యూనిఫాం రూలు అని రోజూ తిట్టేదాన్ని. నిన్న తిట్టకుండా పక్కన కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు కానీ లేచి వెళ్లిపోలేదు." టేపత్త ఆ కాగితాన్ని ఇస్త్రీ చేసిన జేబురుమాలులా నాలుగు మడతలు పెట్టింది. ఇలాంటి రాతలు పిల్లల్ని చెడగొడతాయని సంతకం లేకుండా రాసినవాణ్ణి నోరారా తిట్టి, గుడ్డ పీలికల సంచిలో కుక్కింది.

"ఉత్తరాలు మింగేస్తున్నావు, పుస్తకం ముట్టవేం?" అంది పక్కన కాజాలు కుట్టే వదిన.

"నీ కాజాలు నువ్వు చూసుకో, వంకరపోతున్నాయి."

పదిహేనో ఉత్తరమో పదహారోదో, ఒక తల్లి రాసింది.

"మీకు పదహారేళ్లప్పుడు మీ అమ్మ మీ చొక్కా చేతుల లోపల నల్లగుడ్డ వేసి కుట్టడం మొదలుపెట్టిందని రాశారు. ఒక్క మాట అడగకుండా. 'నాకు తెలుసు, ఎవరికీ కనబడనీయకు' అని అమ్మ చెప్పినట్టు మీకు అర్థమైందన్నారు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి మా అమ్మాయి గదిలోకి వెళ్లాను."

టేపత్త కళ్లజోడు తీసేసింది. ఆ గుడ్డ ఆమెకు బాగా గుర్తు. ఉతికేటప్పుడు ఎడమ చేతి లోపల మరకలు చూసింది. బకెట్టు ముందు అలాగే కూర్చుండిపోయింది. అడిగితే నిజమైపోతుందని భయం. మర్నాడు బజారంతా తిరిగి, పసిపిల్లల జుబ్బాలకు వాడే మెత్తటి గుడ్డ తెచ్చింది. పుండుకి ఒరుసుకోకూడదని, నొప్పి పెట్టకూడదని. మరకపడినా తెలియదని నల్లది. అంతే. పిల్ల దాన్ని నోరు మూసుకోమన్నట్టు అర్థం చేసుకుంది. ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు, ఒక్క 'సరిపోయాయా' తప్ప.

ఆదివారం కూతురు వచ్చింది. మంచి ఉత్తరాల కట్ట తీసుకుని, సంచిలోంచి పాత చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకోటి కావాలమ్మా. ఇదిగో ఆది."

నీలం గీతలు వెలిసిపోయాయి.

"పుస్తకం చదవలేదే," అంది టేపత్త.

"తెలుసు."

"ఉత్తరాలే ఆది పెట్టుకుని తెలుసుకున్నాను. ఆ నల్లగుడ్డ... అది దాచుకోమని కాదు తల్లీ. పుండుకి ఒరుసుకుంటుందని వేశాను. మెత్తగా ఉంటుందని."

కూతురు ఉత్తరాల కట్ట మళ్లీ బల్ల మీద పెట్టేసింది. "మెత్తగానే ఉండేది," అంది. "కానీ అడగాల్సిందమ్మా."

"అడగాల్సింది," అంది టేపత్త. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు. ఆది చొక్కా పక్కకు తోసి మెడలోంచి టేపు తీసింది. "ఇది వద్దు. చెయ్యి ఇయ్యి."

కూతురు తటపటాయించింది. కఫు బొత్తాం విప్పి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ విప్పింది. తనే మడిచింది. టేపత్త చూసింది. పాతవి ఉన్నాయి, అంత పాతవి కానివీ ఉన్నాయి. భుజం మీద టేపు ఆనించి మణికట్టు దాకా మెల్లగా తెచ్చింది. కంటికొలతకు పేరుపడ్డ మనిషికి అంకె కనబడలేదు, అంతా నీళ్లే.

"ఇరవై ఒకటిన్నర," అని కూతురే చదివింది.

ఆది చొక్కా చెయ్యి ఇరవై అంగుళాలు. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది టేపత్త.

"అన్నేళ్లూ పొట్టివే కుట్టానా? మరి సరిపోయాయని ఎందుకన్నావే?"

"పొట్టివయ్యాయంటే కొలుస్తావు కదమ్మా."