పక్కింటావిడ అడిగిన ప్రశ్న

కెనడాలోని కాల్గరీలో మా అమ్మాయి సింధు కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా ఒకే చార్టర్ స్కూల్లో, అంటే సర్కారు డబ్బుతో నడిచే ప్రత్యేక బడిలో, చదివింది. ఊరికి ఆ చివరున్నా, మంచి స్కూలని బస్సులో పంపేవాళ్లం. ఊళ్లోకి కొత్త కుటుంబాలు వెల్లువలా వస్తున్న రోజులవి. సింధు చివరి ఏడాదిలో, సీట్ల కోసం వచ్చిన తల్లిదండ్రులతో స్కూలు హాలు కిక్కిరిసిపోయింది. పాత పేరెంట్‌నని నన్ను మాట్లాడమన్నారు.

"ఇది స్కూలు కాదండీ, కుటుంబం. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు" అన్నాను గర్వంగా.

ఒక పంజాబీ ఆవిడ లేచి, నా పక్కనున్న సింధుని అడిగింది. "మరి మీ వీధిలో స్నేహితులున్నారా?"

"మా వీధిలో నాకెవరూ తెలీదు" అనేసింది సింధు.

హాల్లో నవ్వులు. మాట మార్చడానికి, "మీరెక్కడుంటారండీ?" అన్నాను ఆవిడతో.

"మీ పక్కింట్లోనే. రెండేళ్లయింది. వాకిట్లో మంచు ఎత్తిపోసేటప్పుడు మీకు చెయ్యి కూడా ఊపుతాను."

నవ్వులు రెట్టింపయ్యాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్లబ్బాయికి సీటు రాలేదు. మా వీధి చివరి బడిలో చేరాడు. ఇప్పుడు వీధి పిల్లలంతా వాళ్ల వాకిట్లోనే ఉంటారు. మొన్న ఆవిడ మా గుమ్మం దగ్గరికొచ్చి, "ఈ ఏడు ఆ స్కూల్లో సీటొస్తే మావాణ్ణి పంపమంటారా?" అనడిగింది.

"ముందు లోపలికి రండి, టీ తాగుదాం" అన్నాను.