బొచ్చె చేప మూతి

కిరసనాయిలు కలిసిన ఎనామిల్ పెయింటు వాసన తగిలితే చాలు, ఎంత పనిలో ఉన్నా నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న ఏలూరు కాలవగట్టు మీదా అలాగే ఆగాను. కాలేజీ పిల్లలు నలుగురు గోడ పొడుగునా కొల్లేటి పక్షుల్నీ చేపల్నీ వేస్తుంటే, వచ్చేపోయేవాళ్లు వాటి ముందు ఫొటోలు దిగుతున్నారు. దీన్ని స్ట్రీట్ ఆర్ట్ అంటారట. మా చిన్నప్పుడు గోడరాతలనేవాళ్లు, రాసేవాణ్ని పెయింటరనేవాళ్లు. మా నాన్న పెయింటరు.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. వానలు తగ్గి గోడలు ఆరింది మొదలు ఎండలు ముదిరేదాకా, నాన్న వట్లూరులోని మా ఇంట్లో కంటే ఎవరెవరి గోడల దగ్గరో ఎక్కువగా ఉండేవాడు. సున్నం కొట్టిన గోడ మీద నీలిమందు అద్దిన దారం లాగి వదిలితే టప్పున గీత పడేది, బొగ్గుముక్కతో అక్షరాలు లేచేవి, దెందులూరు దాకా రోడ్డు పొడుగునా సిమెంటు బస్తాలూ ఎరువుల మూటలూ రంగుల్లో మెరిసేవి. క్రిస్మస్‌కి అమ్మ గులాబీ పువ్వులు వండుతుంటే, ఆ నూనె వాసనలో కూడా నాన్న చేతుల కిరసనాయిలు కలిసిపోయేది. నాకా వాసనంటే సిగ్గు. బళ్లో మీ నాన్నగారేం చేస్తారని అడిగితే, ప్రైవేటు ఉద్యోగమని చెప్పేదాన్ని.

ఒక క్రిస్మస్ సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని కైకలూరు వెళ్లాడు. చేపల మేత అమ్మే కొట్టు గోడ మీద మనిషంత బొచ్చె చేపని వెయ్యాలి. నేను డబ్బాలు అందిస్తుంటే రెండురోజులు కూర్చుని పొలుసు పొలుసునా వెలుగు దిద్దాడు. పని అయిపోయిందనగా ఒకావిడ చేపల గంప దించి నిలబడింది.

“బొమ్మ బాగుందండీ. కానీ ఇది బొచ్చె కాదండీ. బొచ్చెకి మూతి పైకుంటదండి, నీళ్లమీద మేత తింటది కదండీ. ఇలా కిందకుంటే శీలావతండి.”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కొట్టు యజమాని మాత్రం, “వదిలేయండి మేస్త్రీ, గోడ మీద చేప మూతి ఎవరు చూస్తారండీ?” అన్నాడు.

“ఆవిడ చూశారు కదండీ,” అన్నాడు నాన్న.

ఆవిణ్నే బతిమాలి గంపలోంచి ఒక బొచ్చెని ఎత్తి పట్టుకోమని, నా నోటుపుస్తకం వెనక అట్ట మీద తల గీసుకున్నాడు. గోడ మీది తలని తెల్లరంగుతో కప్పేసి, మర్నాడు మళ్లీ నన్ను తీసుకుని బస్సెక్కి వెళ్లి మూతి పైకి దిద్దాడు. ఆవిడ మళ్లీ వచ్చి, దగ్గర్నించోసారి దూరం నించోసారి చూసి, “ఇప్పుడు వలేసి పట్టొచ్చండీ,” అంది. నాన్న ఇంటిదాకా బస్సులో ఈల వేస్తూనే ఉన్నాడు. అయినా సెలవులయ్యాక బళ్లో నేను ప్రైవేటు ఉద్యోగమనే చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చి గోడల్ని మింగేశాయి. నాన్న బ్రష్షులు డబ్బాలోనే బిగుసుకుపోయాయి. ఇప్పుడు నాన్నా లేడు, ఆ గోడా లేదు. టిక్కెట్టు లేకుండా ఎండలో నిలబడి చూసి, తప్పుంటే గంప దించి మరీ చెప్పే మనుషుల ముందు వేసిన ఆ బొమ్మ కళ కాకపోతే, మరేది కళో నాకు తెలియదు.

కాలవగట్టు గోడ మీద ఒక పెద్ద చేప కింద ‘బొచ్చె’ అని ముచ్చటగా రాసి ఉంది. మూతి కిందకుంది. దాని ముందు ఫొటోలు దిగేవాళ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు. నేను కూరల సంచి దించాను.

“అమ్మాయ్, బొచ్చెకి మూతి పైకుంటుందమ్మా.”

బ్రష్షు పట్టుకున్న పిల్ల వెనక్కి తిరిగింది. “మీరు ఆర్టిస్టాండీ?”

“నేను కాదమ్మా,” అన్నాను. “మా నాన్నగారు ఆర్టిస్టు.”